‘అందం ఉంటే చాలు’ అనే సలహా మోడల్ కాదలచినవారికి చేస్తున్న హాని

మోడల్ కావాలనుకునే యువతీయువకుల మధ్య ఒక సలహాల జాబితా చాలాకాలంగా చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది: మోడలింగ్‌లో నేర్చుకోవలసినదేమీ లేదు, ముఖమూ ఎత్తూ ఉంటే చాలు, షోకు ముందు కొన్ని రోజులు తిండీ నీళ్లూ తగ్గిస్తే శరీరం ‘సెట్’ అవుతుంది, రంగు తేలకపోతే పెద్ద అవకాశాలు రావు కనుక తెల్లబరిచే క్రీములు వాడాలి, ముందుగా డబ్బు పోసి ఖరీదైన పోర్ట్‌ఫోలియో (తన ఫొటోల సంకలనం) చేయించుకుంటే తప్ప మోడళ్లకు పని చూపే ఏజెన్సీలు చూడవు, ఇరవై దాటినవారు ఆశ వదులుకోవాలి, కొత్తవారు ప్రశ్నలు వేయకుండా చెప్పినదల్లా చేయాలి.

ఇందులో ఒక్కొక్క మాటను విడిగా పరిశీలించడం అవసరం. ఎందుకంటే వీటిని నమ్మి ఆచరించినవారు పోగొట్టుకునేది కాలమూ డబ్బూ మాత్రమే కాదు. ఈ వృత్తిలో ఎవరికైనా మూలధనం ఆరోగ్యకరమైన చర్మం, జుట్టు, శరీరబలం, నిలకడైన మనసు. ఈ జాబితా సరిగ్గా వాటినే దెబ్బతీస్తోంది.

ముందుగా ‘నేర్చుకోవలసినదేమీ లేదు’ అన్న మాట. ర్యాంప్ నడక ప్రేక్షకుల వరుసలోంచి చూసేవారికి మామూలు నడకలాగే కనిపిస్తుంది. అలా కనిపించేలా నడవడమే అందులోని పనితనం. సంగీతం వేగానికి అడుగు కలపాలి, ముందు నడుస్తున్న మోడల్‌కూ తనకూ మధ్య ఎడం చెడకూడదు, చూపు నేల మీదికి జారకూడదు, చివరన ఫొటోగ్రాఫర్లున్న చోట వారికి స్పష్టమైన చిత్రం దొరికేంతసేపు నిలిచి, దుస్తుల వెనుక భాగం కూడా కనిపించేలా తిరగాలి. పాదానికి సరిపోని బూట్లతో, నేలను ఈడ్చే అంచులతో, అంతకుముందు ఫిట్టింగ్‌లో మాత్రమే ఒంటిమీద వేసుకున్న దుస్తులతో ఇదంతా చేయాలి; తెర వెనుకకు వచ్చీ రాగానే క్షణాల్లో రెండో జతలోకి మారాలి. 1993లో పారిస్‌లో జరిగిన డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్ షోలో అతి ఎత్తైన ప్లాట్‌ఫామ్ బూట్లతో నడుస్తూ ప్రసిద్ధ బ్రిటిష్ మోడల్ నవోమీ క్యాంప్‌బెల్ పడిపోయారు. నవ్వుతూ లేచి, నడక పూర్తి చేశారు. ఆ క్షణంలో ఆమెను ఆదుకున్నది ముఖసౌందర్యం కాదు, కంగారుపడని అలవాటు. ఆ అలవాటు సాధనతో వస్తుంది: హీల్స్‌తో రోజూ కొంతసేపు నడవడం, చీలమండలకూ నడుముకూ బలమిచ్చే వ్యాయామం, తన నడకను వీడియో తీసుకుని భుజాలూ చేతులూ ఎలా కదులుతున్నాయో నిర్మొహమాటంగా చూసుకోవడం.

కెమెరా ముందు పని మరింత సూక్ష్మమైనది. ఆన్‌లైన్ అమ్మకాల కోసం తీసే కేటలాగ్ చిత్రీకరణలో ఒక్క రోజులోనే డజన్ల కొద్దీ జతలు మార్చవలసి రావచ్చు. ప్రతి జతకూ ముందు, పక్క, వెనుక భంగిమలు ఇస్తూ, షట్టర్ పడిన ప్రతిసారీ భంగిమను కొద్దిగా మార్చుతూ పోవాలి. వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో గమనించి ముఖాన్ని అటు తిప్పడం, గడ్డాన్ని కొంచెం ముందుకు చాచి మెడను పొడవుగా ఉంచడం, బరువును వెనుక కాలి మీద వేయడం, వేళ్లు బిగుసుకోకుండా చూసుకోవడం, నేల మీద గుర్తు పెట్టిన చోటే నిలబడడం ఎవరూ పుట్టుకతో తెచ్చుకునే విద్యలు కావు. వీటన్నిటికంటే ముఖ్యమైనది దుస్తులను అర్థం చేసుకోవడం. జేబు ప్రత్యేకత అయితే చేయి అక్కడికి వెళ్లాలి; వీపు కోత ప్రత్యేకత అయితే శరీరం పక్కకు తిరగాలి. అందమైన ముఖంతో వచ్చి దుస్తులు మడతలు పడేలా నిలబడిన వ్యక్తి కంటే, సాధారణమైన ముఖంతో దుస్తులను చక్కగా చూపిన వ్యక్తినే కేటలాగ్ తీసేవారు మళ్లీ పిలుస్తారు. సమయానికి రావడం, శుభ్రమైన గోళ్లతో, చర్మపు రంగుకు కలిసే లోదుస్తులతో సిద్ధంగా ఉండడం, మేకప్ కళాకారులతోనూ సహాయకులతోనూ మర్యాదగా మెలగడం కూడా ఈ నైపుణ్యంలో భాగమే.

జాబితాలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది తిండి మానమన్న సలహా. 2006 ఆగస్టులో ఉరుగ్వే మోడల్ లూయిసెల్ రామోస్ ఒక షోలో పాల్గొంటూనే కుప్పకూలి మరణించారు. ఆమెకు 22 ఏళ్లు. అదే ఏడాది నవంబరులో బ్రెజిల్ మోడల్ ఆనా కరోలినా రెస్టన్ అనొరెక్సియా (బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసే రుగ్మత) వల్ల ఏర్పడిన సమస్యలతో 21 ఏళ్లకే కన్నుమూశారు. అంతదాకా పోని సందర్భాల్లో కూడా ఉపవాసాలు అందాన్నే ముందుగా తినేస్తాయి. శరీరానికి శక్తి చాలనప్పుడు అది జుట్టును ప్రాణావసరంగా లెక్కించదు కనుక, కఠినమైన డైటింగ్ చేసిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా రాలుతుంది. కారణం అప్పటికి మరచిపోయి ఉంటారు కనుక నూనెలూ షాంపూలూ మారుస్తూ కూర్చుంటారు. చర్మం పొడిబారుతుంది, గోళ్లు పెళుసవుతాయి, అమ్మాయిలలో నెలసరి ఆగిపోతుంది. ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గితే ఎముకల సాంద్రత పడిపోతుంది. ఎముకలు తమ గరిష్ఠ బలాన్ని సంతరించుకునే వయసు కూడా సరిగ్గా ఇదే. తిన్నదాన్ని వాంతి చేసుకునే అలవాటులో కడుపులోని ఆమ్లం పళ్ల ఎనామిల్‌ను కరిగిస్తుంది, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదమూ ఉంటుంది.

‘పరిశ్రమ అదే కోరుతోంది కదా’ అనే సమాధానం వినిపిస్తుంది. అతి సన్నదనం మీద మోజు ఇంకా పోలేదన్నది నిజమే, దాన్ని దాచవలసిన పని లేదు. అయితే నియమాలు ఏ దిశలో కదిలాయో కూడా చెప్పాలి. 2006 సెప్టెంబరులోనే మాడ్రిడ్ ఫ్యాషన్ వారం బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచిక) 18 కంటే తక్కువున్న మోడళ్లను ర్యాంప్ మీదికి అనుమతించలేదు. 175 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తికి అది దాదాపు 55 కిలోల బరువు. ఇజ్రాయెల్‌లో 2013 నుంచి 18.5 కనీస పరిమితిగా చట్టం అమలులోకి వచ్చింది. ఫ్రాన్స్‌లో 2017 నుంచి మోడల్‌గా పనిచేయడానికి వైద్యుని ధ్రువపత్రం తప్పనిసరి. శరీరాకృతిని మార్చిన వాణిజ్య చిత్రాల మీద ఆ విషయం రాయడం కూడా అదే సంవత్సరం మొదలైంది. అదే 2017లో విలాసవంతమైన ఫ్యాషన్ బ్రాండ్లను నడిపే ఎల్‌వీఎంహెచ్, కెరింగ్ సంస్థలు ఉమ్మడి నియమావళి ప్రకటించి, ఫ్రెంచి కొలతల్లో అతి సన్నదైన 32 సైజు మహిళా మోడళ్లను తీసుకోబోమన్నాయి. ఎవరికైనా బరువు మార్చుకోవలసిన అవసరమే ఉంటే ఆ నిర్ణయం వైద్యునితో, పోషకాహార నిపుణునితో కూర్చుని తీసుకోవలసినది, ఫోన్‌లో వచ్చిన జాబితాను బట్టి కాదు.

నీళ్లు మానేయడం గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. ఇది బాడీబిల్డింగ్ పోటీల నుంచి వచ్చిన పద్ధతి; అక్కడ కూడా ప్రమాదకరమైనదే. వేడి దీపాల కింద గంటల తరబడి నిలబడవలసిన మనిషికి పెదవులు పగలడం, కళ్లు గుంటలు పడడం, తల తిరగడం మాత్రమే మిగులుతాయి.

ఇక రంగు. 1974 ఆగస్టులో బెవర్లీ జాన్సన్ ఫ్యాషన్ పత్రిక అమెరికన్ వోగ్ ముఖచిత్రంగా వచ్చిన మొదటి నల్లజాతి మోడల్ అయ్యారు. ఆ తరువాత ఇమాన్, నవోమీ క్యాంప్‌బెల్, దక్షిణ సూడాన్‌లో పుట్టిన అలెక్ వెక్ అగ్రశ్రేణికి చేరారు. అడుట్ అకెచ్ 2019లో బ్రిటిష్ ఫ్యాషన్ పురస్కారాల్లో ఆ ఏటి మోడల్‌గా ఎంపికయ్యారు. విటిలిగోతో చర్మం మీద తెల్లమచ్చలున్న విన్నీ హార్లో ఆ చర్మంతోనే పేరు తెచ్చుకున్నారు. వర్ణవివక్ష ఈ రంగంలో ఉంది, నేటికీ ఉంది. దానికి పరిష్కారం బాధితుల ముఖం మీద విషం పూయడం కాదు. విషం అన్న మాటను నేను ఆవేశంలో వాడలేదు. తెల్లబరిచే క్రీములలో కొన్నిటిలో పాదరసం బయటపడింది. అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అడ్డుకోవడంతో ఆగక చర్మం గుండా లోపలికి చేరి మూత్రపిండాలనూ నాడులనూ దెబ్బతీస్తుంది. పెట్టె మీద కాలోమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్ వంటి పేర్లు కనిపిస్తే దాన్ని వాడకూడదు. అసలు పదార్థాల పేర్లే లేని డబ్బాను కొననేకూడదు. మరికొన్నిటిలో క్లోబెటసాల్ వంటి శక్తిమంతమైన స్టెరాయిడ్లు ఉంటాయి. మొదటి వారాల్లో ముఖం మెరిసినట్టు కనిపిస్తుంది, తరువాత చర్మం పలచబడి రక్తనాళాలు బయటికి తేలతాయి, మొటిమలు పెరుగుతాయి, మానేస్తే ముఖం ఎర్రబడి మండుతుంది. ఆ స్థితిలో ఏ మేకప్పూ నిలవదు. నిమ్మరసం రుద్దుకోవడం కూడా సహజమైనది కనుక క్షేమమని అనుకోరాదు. నిమ్మజాతి రసం పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టై, నెలల తరబడి పోని మచ్చలు పడవచ్చు.

చర్మం విషయంలో నిజంగా పనికొచ్చే సలహా చాలా చిన్నది, బహుశా అందుకే దాన్ని ఎవరూ పంచుకోరు. సున్నితమైన క్లెన్సర్, మాయిశ్చరైజర్, పగటిపూట కనీసం ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణను సూచించే అంకె) 30 ఉన్న సన్‌స్క్రీన్, ఎండలో ఉన్నంతసేపూ సుమారు రెండు గంటలకొకసారి దాన్ని మళ్లీ పూసుకోవడం, పని ముగిశాక మేకప్‌ను పూర్తిగా తీసివేయడం, తగినంత నిద్ర. కొత్త క్రీము గానీ ఫేషియల్ గానీ చిత్రీకరణకు ముందు రోజుల్లో మొదలుపెట్టకూడదు, దద్దుర్లు వస్తే ఆ అవకాశమే చేజారుతుంది. మొటిమలు తగ్గకపోతే చర్మవైద్యుని దగ్గరికి వెళ్లాలి. ఏజెన్సీతో పనిచేస్తున్నవారు జుట్టు కత్తిరించుకునే ముందు, కనుబొమ్మల ఆకారం మార్చే ముందు వారికి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఏజెన్సీ పంపిన కార్డు మీది ఫొటోను చూసి ఎంపిక చేసినవారు ఆ మనిషి కోసమే ఎదురుచూస్తుంటారు.

ఖరీదైన పోర్ట్‌ఫోలియో లేనిదే ఏజెన్సీలు చూడవన్న మాటలో మోసానికి తలుపు తెరిచి ఉంది. ఏజెన్సీలు కొత్తవారిని మొదట చూసేది ‘డిజిటల్స్’ అనే సాదా చిత్రాలతో: మేకప్ లేకుండా, జుట్టు వెనక్కి కట్టుకుని, ఒంటికి అతికే సాదా దుస్తుల్లో, కిటికీ వెలుగులో, ఖాళీ గోడ ముందు నిలబడి తీయించుకున్న ముఖం, పక్క ముఖం, నిలువెత్తు ఫొటోలు. వాటిని ఫోన్‌తో ఇంట్లోవారు తీసిపెట్టవచ్చు. వాటితో పాటు ఎత్తు, కొలతలు నిజాయితీగా రాసి పంపాలి, ఎందుకంటే ఫిట్టింగ్‌లో టేపు అబద్ధం చెప్పనివ్వదు. తరువాత పోర్ట్‌ఫోలియో అవసరమే, అయితే దాన్ని ఏజెన్సీ సూచనతో, కొత్త ఫొటోగ్రాఫర్లతో కలిసి చేసే టెస్ట్ షూట్‌లతో క్రమంగా పెంచుకోవచ్చు. సక్రమమైన ఏజెన్సీ ఆదాయం మోడల్‌కు పని దొరికాక తీసుకునే కమిషన్ నుంచి వస్తుంది. పని చూపకముందే రిజిస్ట్రేషన్, శిక్షణ, ఫొటోల పేరుతో డబ్బు అడిగి, ఫలానా ఫొటోగ్రాఫర్ దగ్గరికే వెళ్లాలని పట్టుబట్టే సంస్థ వ్యాపారం ఆశావహుల జేబు మీదే నడుస్తోందని గ్రహించాలి.

వయసు, ఎత్తు గురించి క్లుప్తంగా చెబుతాను. హై ఫ్యాషన్ ర్యాంప్‌కు ఎత్తు నిజంగానే పెద్ద అర్హత, అది లేనివారికి ఉందని భ్రమ కల్పించడం న్యాయం కాదు. అయినా దాదాపు 170 సెంటీమీటర్ల బ్రిటిష్ మోడల్ కేట్ మాస్ ఆ గీతను దాటారు. ర్యాంప్ బయట వాణిజ్య ప్రకటనలు, కేటలాగ్, ఫిట్ మోడలింగ్ (దుస్తుల కొలతలు సరిచూసేందుకు వాటిని వేసుకుని చూపే పని), చేతులు, పాదాలు మాత్రమే చూపే పనులు విస్తారంగా ఉన్నాయి, వాటి కొలమానాలు వేరు. 1931లో పుట్టిన అమెరికన్ మోడల్ కార్మెన్ డెల్ ఒరెఫీచే ఎనభైలు దాటాక కూడా ర్యాంప్ మీద నడిచారు. ఇరవై తరువాత ద్వారం మూసుకుంటుందని చెప్పేవారు ఆశావహులను తొందరపెట్టి, చదువు మాన్పించి, ఆలోచించుకునే వ్యవధి లేకుండా చేస్తున్నారు.

ఆ తొందరకు తోడు ‘ప్రశ్నలు వేయవద్దు’ అన్న చివరి సలహా. ఒప్పందం మీద సంతకం చేసే ముందు కొన్ని విషయాలు అడిగి తీరాలి: కమిషన్ ఎంత, పారితోషికం ఎప్పుడు చేతికి వస్తుంది, చిత్రాలను ఎక్కడ, ఎంతకాలం వాడతారు, ఆ కాలంలో పోటీ బ్రాండ్లకు పనిచేయవచ్చా, దుస్తులు మార్చుకోవడానికి మూసిన గది ఉంటుందా, ముందు చెప్పని అర్ధనగ్న దృశ్యాలను నిరాకరించే హక్కు ఉందా. మైనర్ అయితే తల్లిదండ్రులు గానీ సంరక్షకులు గానీ వెంట ఉండాలి. ఇప్పుడు ఇంకో ప్రశ్న చేరింది: నా రూపంతో కృత్రిమ మేధ ద్వారా డిజిటల్ ప్రతిరూపం తయారు చేస్తారా? న్యూయార్క్ రాష్ట్రంలో 2025 జూన్‌లో అమలులోకి వచ్చిన ఫ్యాషన్ కార్మికుల చట్టం అటువంటి ప్రతిరూపానికి మోడల్ నుంచి విడిగా, స్పష్టమైన లిఖిత అనుమతి తీసుకోవాలని, దాన్ని ఎందుకు, ఎంతకాలం వాడతారో, ఎంత చెల్లిస్తారో అందులో ఉండాలని చెబుతోంది; మేనేజ్‌మెంట్ సంస్థల కమిషన్‌ను 20 శాతానికి పరిమితం చేసి, ముందస్తు డిపాజిట్లు అడగడాన్ని నిషేధించింది. ఆ చట్టం వర్తించని చోట కూడా ఇవే అంశాలను ఒప్పందంలో రాయించుకోమని అడగవచ్చు. అడిగినందుకు ముఖం తిప్పుకునే సంస్థ దగ్గర సంతకం చేయకుండా వెనుదిరగడమే క్షేమం.