ఆంబోతుకు జన్యు పరీక్ష తప్పనిసరి చేయాలా?

(వీర్యం సేకరించే ప్రతి ఆంబోతుకూ వంశపారంపర్య నరాల, కండరాల జబ్బుల పరీక్ష తప్పనిసరి చేయాలా అన్నదే చర్చాంశం. గుంటూరులో ఒంగోలు జాతి పెంపకందారుల ఎదుట ఒక పశువైద్యురాలు, ఒక పెద్దరైతు వాదిస్తున్నారు.)

వైద్యురాలు: దక్షిణాఫ్రికాలో కొన్ని బ్రాహ్మన్ దూడలు పుట్టుకతో మామూలుగానే ఉండి, మూడు నాలుగు వారాల వయసులో నీరసించి, క్రమంగా లేవలేని స్థితికి చేరాయి. నరం పంపే సంకేతాన్ని కండరం అందుకునే గ్రాహకానికి సంబంధించిన జన్యువులో 20 డీఎన్ఏ అక్షరాలు లోపించడమే కారణమని తేలింది. బ్రాహ్మన్ జాతి మన ఒంగోలు, గిర్ వంటి పశువుల సంతతే కనుక ఈ సంగతి మనకు పరాయిది కాదు.

రైతు: సంతతి మనదైతే రోగమూ మనదేనా, డాక్టరమ్మా? ఆ లోపం పశువులు సముద్రం దాటాక పుట్టి ఉండవచ్చు. దూడ కూలబడితే మేము మొదట చూసేది మేతను, పురుగుమందు తగిలిన గడ్డిని. మేలైన ఆంబోతు దొరకడమే కష్టమైన రోజుల్లో వాహకమని, అంటే తనకు రోగం లేకున్నా లోపాన్ని సంతతికి అందించగలదని తేలిన ప్రతి కోడెనూ పక్కన పెడితే, మిగిలిన కొద్దిపాటి కోడెలతోనే దాటించి, దగ్గరి రక్తసంబంధాలను మనమే పెంచినవాళ్లమవుతాం.

వైద్యురాలు: మేతను ముందు చూడాలన్నది నిజమే, సెలీనియం, విటమిన్-ఇ తగ్గినా దూడల కండరాలు దెబ్బతింటాయి. ఆ లోటును సకాలంలో గుర్తిస్తే సూదితో పూడ్చగలం, జన్యులోపాన్ని పూడ్చలేం. పైగా జన్యువుకుండే రెండు ప్రతుల్లో ఒక్కదానిలోనే లోపాన్ని మోసే ఆంబోతు జీవితాంతం బలిష్ఠంగా ఉండి, పోటీల్లో బహుమతులు కూడా గెలవవచ్చు. అది తనలాంటి వాహక ఆవుతో కలిస్తే పుట్టే ప్రతి దూడకూ రోగం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఊరి ఆంబోతయితే నష్టం ఆ చుట్టుపక్కలకే పరిమితం. గడ్డకట్టించిన వీర్యమైతే వేల ఆవులకు చేరుతుంది. బ్రౌన్ స్విస్ అనే విదేశీ పాడిజాతిలో దూడల వెనుక కాళ్లు తూలిపోయే 'వీవర్' వ్యాధి విషయంలో వాహకాలైన ఆవులు పాలు ఎక్కువ ఇచ్చాయని కనుగొన్నారు. అంటే పాల కోసం చేసిన ఎంపికే రోగాన్నీ వెంట తెచ్చింది.

రైతు: వాహకమన్న మాట బయటికి పొక్కితే కోడె ధర పడిపోతుంది. ఆ నష్టమంతా పెంచినవాడే భరించాలా?

వైద్యురాలు: కోడెను తీసేయమని నేను అనడం లేదు. లోపం లేదని తేలిన ఆవులతోనే కలిపితే రోగపు దూడ పుట్టదు. పుట్టినవాటిలో దాదాపు సగం వాహకాలు కావచ్చు. వాటిని తోక వెంట్రుకలతో పరీక్షించి వేరు చేసుకుంటే, మంచి లక్షణాలు పోకుండానే లోపాన్ని తరతరానికీ తగ్గించవచ్చు.

రైతు: అయితే ప్రభుత్వ ఖర్చుతో గుంటూరు దగ్గరి లాం పశు పరిశోధన ఫారం మందలోనూ, వీర్య కేంద్రాల్లోనూ ముందు మొదలుపెట్టండి. ఒంగోలులో ఆ లోపం ఉన్నట్టు రుజువయ్యాకే మా కోడెలకు నిబంధన పెట్టండి.

వైద్యురాలు: ఖర్చు ప్రభుత్వమే భరించాలన్న మాటకు నేనూ తోడుంటాను. కానీ రుజువు దొరికేదాకా పరీక్ష లేని కోడె వీర్యాన్ని ఊరూరా పంచడానికి మాత్రం ఒప్పుకోలేను.