లాంగ్ నోట్‌బుక్కుకు చార్జింగ్ అక్కర్లేదు

మొన్న మా ఊరి వ్యవసాయ సహకార సొసైటీ మహాజన సభకు హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటు వచ్చాడు. మంచి పిల్లాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, మెడలో ఐడీ కార్డు తీయకుండానే పులిహోర తిన్నాడు. గోడకు కట్టిన తెల్ల పంచె మీద ల్యాప్‌టాప్ బొమ్మ పడగానే ఇంత లావు అక్షరాల్లో ఒకటే మాట కనబడింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన "ఏం రాసుండాడు నాయనా?" అంటే నేను కూడబలుక్కుని చదివాను: స్థితిస్థాపకత. ఆయన కాసేపు ఆలోచించి గట్టిగానే అడిగాడు. "ఎక్కడ స్థాపిస్తారు, సొసైటీ ఆవరణలోనేనా? శంకుస్థాపనకు ఎమ్మెల్యే వస్తాడా?"

పిల్లాడు తొణకలేదు. సంస్థకు ఏ ఆపదొచ్చినా, అంటే కరెంటు పోయినా, వరదొచ్చినా, నెట్‌వర్క్ చచ్చిపోయినా సేవలు ఆగకుండా చూసుకోవడం, ఒకవేళ ఆగినా చప్పున లేచి నిలబడటం, దాన్నే అట్లా అంటారని, అందుకు డిజిటల్ సామర్థ్యాలు పెంచుకోవాలని చెప్పాడు. "అంటే మునిగిన నారు నీళ్లు తీశాక మళ్లీ తలెత్తినట్టా?" అన్నాడు పెద్దాయన. "ఎగ్జాక్ట్‌లీ సార్!" "అది మా కాడ ఉండాదిలే అబ్బయా, రెండో బొమ్మ పెట్టు."

రెండో బొమ్మ నుంచి నేను చాలా శ్రద్ధగా విన్నాను. ఎందుకంటే ఈ సబ్జెక్టులో నాకూ కాస్త పాండిత్యం ఉంది. పెన్నకు ఉత్తరాన, కోవూరు తట్టు ఉన్న మా ఊరి సొసైటీ గేటు ముందు ఎండలో, వానలో, క్యూలో చెప్పులు వదిలి చెట్టు కింద కూర్చుని సంపాదించిన పాండిత్యం అది. ఆ పరిశోధన ఫలితాలు లోకానికి ఉపయోగపడతాయని ఇక్కడ సమర్పిస్తున్నాను. యూనివర్సిటీలు వాడుకుంటామంటే నాకేం అభ్యంతరం లేదు.

ముందు కాస్త చరిత్ర. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటర్ల మీదికి తేవడానికి 2,516 కోట్ల రూపాయల పథకానికి ఒప్పుకుంది. సంఘాలన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాయాలి, ఆ లెక్క పై బ్యాంకుకు కనబడాలి. ఇందులో వెక్కిరించడానికేమీ లేదు. కాగితాల కాలంలో ఎవరి పేరు మీద ఎవరు అప్పు వాడుకున్నారో దేవుడికీ సెక్రటరీకీ తప్ప మూడో మనిషికి తెలిసేది కాదు. ఇప్పుడు దేవుడి సంగతేమో గానీ సెక్రటరీ మాత్రం సీఈఓ అయ్యాడు. కంప్యూటర్ దిగిన రోజు బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి, ఆ నీళ్లు కీబోర్డు మీద పడకుండా దోసిలి పట్టాం. మా సంస్థ తీసుకున్న మొదటి సైబర్ భద్రతా చర్య అదే.

ఇక సేవల్లో వచ్చిన కొత్తదనం. అన్నిటికన్నా గొప్పది 'సర్వర్ డౌన్'. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లకు పాత రోజులు గుర్తులేవని అర్థం. అప్పట్లో రైతును తిప్పి పంపాలంటే ఒక మనిషి నోరు తెరిచి అబద్ధం ఆడాల్సి వచ్చేది. సార్ సెలవు, సార్ భోజనానికి పోయినాడు, సార్ నెల్లూరు మీటింగుకు పోయినాడు, బీరువా తాళాలు సార్ దగ్గరే ఉన్నాయి. ఎంత పాపం, ఎంత శ్రమ! ఆ అబద్ధం పట్టుబడితే గొడవ, కేకలు, ఒక్కోసారి కుర్చీ కూడా లేచేది. ఇప్పుడు ఆ పాపమంతా సర్వర్ మోస్తోంది. దానికి మొహం లేదు, ఊరు లేదు, కులం లేదు, కాలర్ లేదు, కాబట్టి పట్టుకోవడానికి కూడా లేదు. మా వీధి అవ్వ ఒకామె సర్వరంటే కొత్తగా వచ్చిన ఆఫీసరనే అనుకుంటోంది. "ఆ మారాజు ఇయ్యాళ కూడా రాలేదా నాయనా?" అని అడిగి, జాలిపడి వెళ్లిపోతుంది. మనిషి మీద వచ్చే కోపాన్ని జాలిగా మార్చగలిగిన టెక్నాలజీ ఇంకోటి ఉంటే చెప్పండి.

రెండోది పుట్టి సమస్య. బయటి జిల్లాల వాళ్ల కోసం చెబుతున్నాను, మా నెల్లూరులో వడ్లకు పుట్టి లెక్క. పుట్టి అంటే 850 కిలోలు. దిగుబడి పుట్లలో, కౌలు పుట్లలో, మిల్లు రేటు పుట్టికింత అని. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా 'ఎకరాకు నాలుగు పుట్లు పండే మాగాణి' అంటారు గానీ ముప్పై నాలుగు క్వింటాళ్లు అని ఎవరూ అనరు, అంటే ఆ సంబంధం తప్పిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పుట్టి పుట్టనేలేదు. దానికి క్వింటాల్ ఒక్కటే తెలుసు. అందుకని ఏం జరుగుతుందంటే, రైతు పుట్లలో చెబుతాడు, మా అటెండరు లాంగ్ నోట్‌బుక్కులో పుట్లు రాసుకుని, పక్కనే ఎనిమిదిన్నరతో హెచ్చవేసి క్వింటాళ్లు చేస్తాడు, ఆపరేటర్ అమ్మాయి ఆ అంకె కొడుతుంది, ప్రింటర్ క్వింటాళ్లలో రసీదు కక్కుతుంది, రైతు ఆ రసీదు తిరగేసి మరగేసి "ఇది పుట్లలో ఎంత అబ్బయా?" అంటాడు, అటెండరు మళ్లీ భాగహారం చేసి చెబుతాడు. మనిషికీ మిషన్‌కీ మధ్య నిలబడి ఇద్దరికీ అర్థమయ్యేలా చేసేదాన్ని 'ఇంటర్‌ఫేస్' అంటారని కన్సల్టెంటు పన్నెండో బొమ్మలో చెప్పాడు. మా ఇంటర్‌ఫేస్ ఖాకీ చొక్కా వేసుకుంటుంది, చెవి మీద పెన్ను పెట్టుకుంటుంది, మధ్యాహ్నం అన్నం తినొస్తుంది.

యూరియా దగ్గర చూడాలి అసలు వైభవం. 2018 నుంచి ఎరువుల సబ్సిడీ కంపెనీకి చేరాలంటే, రైతు వేలిముద్ర మిషన్ దగ్గర బస్తా కొన్నట్టు లెక్క పడాలి. పద్ధతి మంచిదే, బస్తాలు దారి తప్పకుండా ఉండటానికి. కానీ ఆ పెద్దాయనే, స్థాపన గురించి అడిగినాయన, ఒక రోజు మిషన్ ముందు నిలబడ్డాడు. నేను ఆయన వెనకే ఉన్నాను కాబట్టి దగ్గరగా చూశాను. గోటి వెడల్పు గాజు ముక్క, లోపల ఎర్ర వెలుగు. కుడి బొటనవేలు పెట్టాడు. కూత. తువ్వాలుకు తుడిచి పెట్టాడు. కూత. నెత్తికి రుద్ది, ఆ కాస్త నూనె అంటించి పెట్టాడు. మళ్లీ కూత. "గట్టిగా అదమాక పెదనాయనా" అంది అమ్మాయి. "మెల్లగా పెడితే దానికి ఆనట్లేదమ్మా" అన్నాడాయన. యాభై ఏళ్లు కొడవలి పిడి, పార కర్ర పట్టిన వేళ్లు. అరగడానికి అక్కడ ఇంకేం మిగిలింది? ఒక్కో వేలూ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది, పదింటిలో ఒక్కదానికీ ఉద్యోగం రాలేదు.

అప్పుడు ఓటీపీ. ఆధార్‌కు కలిపిన ఫోను కొడుకు దగ్గర, కొడుకు బెంగళూరులో, బెంగళూరు మీటింగులో. రెండు మిస్డ్ కాల్స్ తర్వాత ఎత్తాడు. ఓటీపీ బెంగళూరులో దిగి, పక్కింటాయన ఫోను స్పీకర్‌లోంచి క్యూలోకి వచ్చింది. "నాలుగు... ఏడు... తరవాత ఏందిరా?... సున్నానా, మూడా?" అంటుండగానే గడువు అయిపోయింది. ఇంకోటి పంపించేలోపు కొడుకు మీటింగుకు వెళ్లిపోయాడు. వాడు పనిచేసేది కంపెనీలకు డిజిటల్ సామర్థ్యాలు అమ్మే కంపెనీలోనట, బహుశా ఆ మీటింగు కూడా దీని మీదేనేమో.

అటెండరు ఏం చేశాడంటే, లాంగ్ నోట్‌బుక్కులో పేరు, రెండు బస్తాలు, టైము రాసి, "తీసుకపో పెదనాయనా, సాయంత్రం మళ్లొచ్చి వేలేద్దువు" అన్నాడు. ఇది నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. కాబట్టి నేను చూడలేదు.

వాట్సాప్ సంగతి కూడా చెప్పాలి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. గట్టు మీద కూర్చుని కరెంటు బిల్లు కట్టుకోవచ్చు. బాగుంది, ఒప్పుకుంటాను. అది చూసి మా సొసైటీకీ ఊపొచ్చి ఒక గ్రూపు పెట్టారు. అందులో రోజూ తెల్లారే సరికి అరవై గుడ్ మార్నింగులు, శనివారమైతే అదనంగా వెంకటేశ్వరస్వామి, చైర్మన్ పుట్టినరోజున లెక్కలేనన్ని కేకులు. ఎడగారు, అంటే రెండో పంట, పైరుకు రెండో దఫా యూరియా వేయాల్సిన రోజుల్లో, రాత్రి పదకొండు నలభైకి 'లోడ్ వచ్చింది' అని ఒక ముక్క పడింది. దాని కిందే ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు, ఆ పైన తెల్లారింది, గుడ్ మార్నింగులు మొదలయ్యాయి. లోడు వచ్చిన సంగతి ఊళ్లో సగం మందికి లోడు అయిపోయాక తెలిసింది.

అటెండరు ఆ మర్నాటి నుంచి, స్టాకు దిగగానే సొసైటీ గేటుకు ఒక ఖాళీ యూరియా సంచి కడుతున్నాడు. తెల్ల సంచి, చుట్టూ పచ్చని మాగాణి, కాలవ గట్టు మీద నుంచి చూసినా కనబడుతుంది. స్టాకు అయిపోతే విప్పేస్తాడు. గ్రూపులో ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు గ్రూపు చూడట్లేదు, గేటే చూస్తున్నారు. సొసైటీ వార్షిక నివేదికలో 'సమాచార సాంకేతిక విజయాలు' కింద గ్రూపు ఉంది, సంచి లేదు.

ఆపద విషయానికొస్తే, 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది, విజయవాడ వైపు రైళ్లు నిలిచిపోయాయి. మా సొసైటీలోకి నడుముల్లోతు నీళ్లు. అప్పటికి ఒక పాత కంప్యూటర్ ఉండేది. దాన్ని కాపాడటానికి బల్ల మీద పెట్టారు, బల్ల తేలింది. తర్వాత తెలిసిందేమంటే, కంప్యూటర్‌లో లెక్కల బ్యాకప్ తీసిన పెన్‌డ్రైవ్ ఆ కంప్యూటర్‌కే గుచ్చి ఉంది. కానీ అప్పు ఖాతా ఒక్కటి కూడా పోలేదు. అటెండరు ప్రతి పద్దూ మూడు పుస్తకాల్లో రాస్తాడు, ఎప్పుడో ఆడిటుకు తీసుకెళ్లిన పుస్తకం తిరిగి రానప్పటి నుంచి అలవాటట. ఒకటి సొసైటీ అటక మీద, ఒకటి ఆయన ఇంట్లో బియ్యం డబ్బాలో, ఒకటి యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉదయగిరి తట్టు మెట్టలో వియ్యంకుడి ఇంట్లో. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి దూరంగా వేరే చోట అని కంప్యూటర్ వాళ్లకు ఒక సూత్రం ఉంది, కన్సల్టెంటు పందొమ్మిదో బొమ్మలో దాన్ని చూపించినప్పుడు మేమంతా అటెండరు వైపు తిరిగాం. "రెండో రకం సాధనం ఏదయ్యా?" అంటే తల గోక్కున్నాడు. అదే అయ్యుంటుంది.

మా గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఈ ఊళ్లో కనిపెట్టింది ప్రపంచానికి ఇంకా చేరలేదు. 2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వికటించి 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చుంటే, మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని 709 వ్యవస్థలు ఆగిపోయాయి, ఉద్యోగులు దాచుకున్న 858 టెరాబైట్ల ఫైళ్లు బూడిదయ్యాయి. అది మరీ పెద్దదని బయట కాపీ పెట్టలేదట. అంత పెద్ద దేశంలో ఒక్కరికి కూడా మెట్టలో వియ్యంకుడు లేడు కాబోలు. అదే ఏడు ఏప్రిల్ 12న యూపీఐ దేశమంతా మొరాయించినప్పుడు మా గేటు బయట టీకొట్టు అక్క ఏం చేసింది? "రేపియ్యి అబ్బయా" అని తరవాతి గ్లాసు కడిగింది. కోలుకోవడానికి పట్టిన సమయం, గ్లాసు కడిగినంత.

అంతా బాగానే ఉంది గానీ ఆడిటులో ఒక అభ్యంతరం వచ్చింది. సంఘం పూర్తిగా కంప్యూటరీకరణ అయింది కదా, మరి లాంగ్ నోట్‌బుక్కుల ఖర్చు ఎందుకు? రాసినవాళ్లది తప్పు కాదు, లెక్క ప్రకారం సరైన ప్రశ్నే. అప్పటి నుంచి పుస్తకాలు అటెండరే సొంత డబ్బుతో కొంటున్నాడు, ఆ ఖర్చు కూడా పుస్తకం చివరి పేజీలో రాసుకుంటున్నాడు.

కన్సల్టెంటు ఇరవై ఏడో బొమ్మ మీద ఉండగా కరెంటు పోయింది. పంచె మళ్లీ పంచె అయింది. యూపీఎస్ కూత వేసింది, అది రెండేళ్లుగా కూత మాత్రమే వేస్తోంది. మైకు లేకపోయినా సీఈఓ గారు గొంతు పెంచి తీర్మానం చదివారు: సంఘం కార్యకలాపాలు సంపూర్ణంగా కాగితరహితం అయినందుకు ఈ మహాజన సభ హర్షం వ్యక్తం చేస్తోంది. ఎవరో సెల్‌ఫోన్ లైటు పట్టారు. అటెండరు లాంగ్ నోట్‌బుక్కు తెరిచి, చెవి మీది పెన్ను తీసి ఆ మాటలు పొల్లుపోకుండా రాశాడు. సంతకాలు మొదలయ్యాయి. పెద్దాయన వంతు వచ్చేసరికి స్టాంప్ ప్యాడ్ ఎండిపోయి ఉంది, రెండు చుక్కలు నీళ్లు వేసి రుద్ది ఇచ్చారు. ఆయన బొటనవేలు అద్ది, కాగితం మీద అటూ ఇటూ దొర్లించి తీశాడు. కన్సల్టెంటు కూడా వంగి చూశాడు.

"ఇప్పుడు పడిందా నాయనా?" అన్నాడు పెద్దాయన.