నిలబడటం తిరిగొచ్చింది, నాలుగు పౌండ్ల టికెట్ రాలేదు

2022 జనవరి 2న లండన్‌లోని స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో చెల్సీ, లివర్‌పూల్ తలపడ్డాయి. లివర్‌పూల్ ముందుగా రెండు గోల్స్ కొట్టింది. హాఫ్ టైమ్‌కి కాస్త ముందు చెల్సీ వెంటవెంటనే రెండు కొట్టి లెక్క సరిచేసింది. చివరికి 2-2తో ముగిసింది. చెల్సీ ఆటగాడు కొవాచిచ్ బంతిని నేలకు దిగకముందే బాదిన గోల్ వల్ల ఆ మ్యాచ్ చాలామందికి గుర్తుండిపోయింది. అదే రోజు ఇంకో సంగతి కూడా జరిగింది. చాలా ఏళ్లు గడిచాక, ఇంగ్లండ్ టాప్ డివిజన్ మ్యాచ్‌ను అభిమానులు చట్టం అనుమతితో నిలబడి చూశారు.

చట్టం అనుమతితో అని ఎందుకంటున్నానంటే, అనుమతి లేకుండా వాళ్లు ఎప్పుడూ నిలబడుతూనే ఉన్నారు. ప్రీమియర్ లీగ్‌ని టీవీలో చూసేవాళ్లందరికీ ఇది తెలిసిందే. గోల్ వెనక స్టాండ్‌లో, బయటి ఊరి అభిమానులకిచ్చే మూలలో, తొంభై నిమిషాలూ కూర్చునేవాళ్లు కనబడరు. కుర్చీకి డబ్బు కట్టారు, కుర్చీ వెనకే ఉంది, అయినా కూర్చోరు. స్టీవార్డ్‌లు, అంటే స్టేడియంలో జనాన్ని చూసుకునే సిబ్బంది, వచ్చి కూర్చోండి అంటారు. ముందు వరుస వినదు. ముందువాళ్లు లేచి ఉంటే వెనకవాళ్లకు ఆట కనబడదు కాబట్టి వాళ్లూ లేస్తారు. అలా చివరి వరుస దాకా పాకుతుంది. వేలమందిని ఒక్కసారిగా బయటికి పంపే ధైర్యం ఏ క్లబ్‌కీ ఉండదు. కూర్చునే చూడాలన్న నిబంధన పుస్తకంలో ఉండిపోయింది, జనం నిలబడే ఉన్నారు.

అందుకే, నిలబడనివ్వాలా వద్దా అన్నది మొదటి నుంచీ అసలు ప్రశ్నే కాదని నా అభిప్రాయం. నిలబడేవాళ్లు ఎలాంటి చోట నిలబడాలన్నదే చూడాల్సింది.

మామూలు ప్లాస్టిక్ కుర్చీల వరుసలో నిలబడ్డ మనిషిని ఊహించుకోండి. అతని ముందున్న కుర్చీ వీపు మోకాలి దగ్గరకు వస్తుంది. తొంభయ్యో నిమిషంలో గోల్ పడింది. వెనకనుంచి ఎవరో మీద పడ్డారు. మోకాలి దగ్గర అడ్డు తగిలి, పైభాగం ముందుకు తూలి, అతను ముందు వరుస మీద పడతాడు. ఆ వరుస దాని ముందు వరుస మీద. పేకముక్కల్లా దొర్లుకుంటూ పోతారు. ముక్కులు, మోకాళ్లు పగలడం ఇలాగే. ఇప్పుడు పెడుతున్న రైల్ సీట్లలో ప్రతి వరుస ముందూ నడుం ఎత్తున గట్టి ఇనుప రైలింగ్ ఉంటుంది. కుర్చీ ఆ రైలింగ్ చట్రంలోకే మడుచుకుంటుంది. మీద ఎవరు పడ్డా కడుపు రైలింగ్‌కి ఆనుతుంది తప్ప మనిషి ముందుకు పల్టీ కొట్టడు. ఆ తోపుడు ఆ వరుసలోనే ఆగిపోతుంది. మ్యాచ్ అయ్యాక మెట్లు దిగేటప్పుడు పట్టుకోవడానికీ పనికొస్తుంది. ఇంత చిన్న ఇనుప పని గురించి ఒక దేశం అన్నేళ్లు ఎందుకు తర్జనభర్జన పడిందంటే, దానికి కారణం ఒక్కటే పేరు. హిల్స్‌బరో.

1989 ఏప్రిల్ 15. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగమ్ ఫారెస్ట్ మధ్య ఎఫ్ఏ కప్ సెమీ ఫైనల్. ఆ ఘటనలో దెబ్బలు తిని తర్వాతి ఏళ్లలో కన్నుమూసినవాళ్లతో కలిపి 97 మంది పోయారు. ఇలాంటి ప్రతి ఘోరాన్నీ తెలుగు వార్తల్లో తొక్కిసలాట అనేస్తాం. అక్కడ జరిగింది తొక్కిసలాట కాదు. చాలామంది నిలబడ్డచోటే, ఛాతీ మీద ఒత్తిడికి ఊపిరాడక చనిపోయారు. లెపింగ్స్ లేన్ వైపు టెర్రస్‌లో, అంటే కుర్చీల్లేని మెట్ల స్టాండ్‌లో, నిలబడే 10,100 మంది లోపలికి రావడానికి పెట్టినవి ఒక్కొక్కరినే పంపే టర్న్‌స్టైల్ గేట్లు, ఏడంటే ఏడు. బయట జనం పేరుకుపోయారు. పోలీసులు ఒక పెద్ద గేటు తెరిపించారు. అక్కడి నుంచి ఎదురుగా కనబడే సొరంగం నేరుగా మధ్యలో కంచెలు కట్టి విడదీసిన రెండు దొడ్లలోకి దిగుతుంది. అవి అప్పటికే నిండిపోయాయి. సొరంగం మొదట్లో నిలబడి, పక్కనున్న ఖాళీ దొడ్లలోకి పొమ్మని చెప్పే మనిషి లేడు. ముందు ఎత్తైన ఇనుప కంచె, వెనకనుంచి తెలియక వచ్చి పడుతున్న జనం. ఆట మొదలైన ఆరో నిమిషంలో ఆపేశారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

దొడ్లు అన్న మాట కటువుగా ఉందని తెలుసు. ఇంగ్లిష్‌లో వాటిని పిలిచిందీ పశువుల దొడ్డికి వాడే మాటతోనే. 1980ల్లో ఫుట్‌బాల్ అభిమానిని చూసిన తీరు ఆ ఒక్క మాటలో ఉంది. అల్లరి మూక మైదానంలోకి దూకకుండా కట్టిన కంచె, ప్రాణం మీదికొచ్చినప్పుడూ బయటికి రానివ్వలేదు. పైగా అభిమానులే తాగి గేటు విరగ్గొట్టుకుని వచ్చారన్న అబద్ధం. అది అబద్ధమని 1989లోనే, ఆ ఘటనపై విచారణ జరిపిన జడ్జి లార్డ్ టేలర్ తన మొదటి నివేదికలో చెప్పారు. అయినా మృతుల కుటుంబాలు 2016 దాకా పోరాడాల్సి వచ్చింది. ఆ ఏడాది కొత్త విచారణలో జ్యూరీ ఇవి చట్టవిరుద్ధంగా జరిగిన మరణాలని తేల్చింది. అభిమానుల తప్పేమీ లేదంది.

టేలర్ తుది నివేదిక 1990 జనవరిలో వచ్చింది. పెద్ద స్టేడియాల్లో అందరికీ కుర్చీలుండాలన్న సిఫార్సు అందులోదే. 1994 ఆగస్టుకల్లా టాప్ రెండు డివిజన్లలో నిలబడే టెర్రస్‌లు దాదాపు మాయమయ్యాయి. కానీ నిలబడి చూడటం దానంతట అదే ప్రమాదమని టేలర్ ఎక్కడా అనలేదు. జనాన్ని లెక్కపెట్టడం, అదుపు చేయడం కుర్చీలతో తేలిక అన్నది ఆయన వాదన. 1990లో ఆ మాట సరైందే. ఆనాటి టెర్రస్‌లు పాతబడి పగుళ్లిచ్చాయి, సీసీ కెమెరాలు అంతంతమాత్రం, తర్ఫీదున్న స్టీవార్డ్‌లు తక్కువ. అయితే కుర్చీ అంటే భద్రత అని లెక్కగట్టడం కూడా తప్పే. 1985లో బ్రాడ్‌ఫర్డ్‌లో మంటలు లేచి 56 మంది చనిపోయిన స్టాండ్‌లో కుర్చీలున్నాయి. కింద పేరుకున్న చెత్త, పైన పాత చెక్క వాళ్లను బలిగొన్నాయి. 2022 అక్టోబర్‌లో ఇండోనేసియాలోని కంజురుహాన్‌లో 135 మంది ప్రాణాలు పోవడానికి మూలం పోలీసులు కొట్టిన టియర్ గ్యాస్, బయటపడటానికి చాలని గేట్లు. నిలబడ్డారా కూర్చున్నారా అన్నది అక్కడ ఎవరూ అడగలేదు.

ఇంకో విడ్డూరం. అందరికీ కుర్చీ అన్న ఆ నిబంధన ఫుట్‌బాల్‌కి మాత్రమే. రగ్బీ అభిమానులు నిక్షేపంగా నిలబడి చూసుకోవచ్చు. మూడో డివిజన్, నాలుగో డివిజన్ ఫుట్‌బాల్ క్లబ్బుల్లో టెర్రస్‌లు అలాగే ఉన్నాయి. అదే మనిషి, అదే మెట్టు, క్లబ్ పై డివిజన్‌కు వెళ్తే మాత్రం కొన్నేళ్లకు అక్కడ కుర్చీ వేయాల్సిందే. భద్రతే లెక్కయితే ఈ తేడాకు అర్థం లేదు.

మార్పు కింద నుంచే వచ్చింది. స్కాట్లండ్‌లో సెల్టిక్ 2016లో రెండున్నర వేలకు పైగా రైల్ సీట్లు పెట్టింది. 2018లో ష్రూస్‌బరీ టౌన్ అనే చిన్న క్లబ్ అభిమానులు చందాలు వేసుకుని 555 సీట్లు బిగించుకున్నారు. ఆ ఏడాదే వెస్ట్ బ్రామ్ అడిగితే ప్రభుత్వం కాదంది. జనం పిటిషన్ పెట్టారు, లక్షకు పైగా సంతకాలు వచ్చాయి, పార్లమెంటులో చర్చ జరిగింది. 2022 జనవరిలో చెల్సీతో పాటు మాంచెస్టర్ యునైటెడ్, మాంచెస్టర్ సిటీ, టోటెన్‌హామ్, కార్డిఫ్‌లకు ప్రయోగంగా అనుమతిచ్చారు. అదే వేసవిలో షరతులు తీర్చగల ఏ క్లబ్‌కైనా తలుపులు తెరిచారు.

లివర్‌పూల్ సంగతి వేరు. తమవాళ్లను పోగొట్టుకున్న ఊరికి ఇనుప రైలింగ్‌ను చూస్తే ఏమనిపిస్తుందో బయటివాళ్లం చెప్పడం పద్ధతి కాదు. మృతుల కుటుంబాల్లో కొందరు చివరిదాకా వద్దనే అన్నారు. వాళ్ల మాటను సెంటిమెంట్ అని కొట్టిపారేసినవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండింది. ఇంకోవైపు, 2017లో అక్కడి అభిమానుల సంఘం ఓటింగ్ పెడితే ఎక్కువమంది సేఫ్ స్టాండింగ్‌కే, అంటే ఇలా రైలింగ్‌ల మధ్య నిలబడటానికే, ఓటేశారు. ఇప్పుడు లివర్‌పూల్ సొంత మైదానం యాన్‌ఫీల్డ్‌లోనూ రైల్ సీట్లున్నాయి.

అభ్యంతరాల్లో నాకు నిజంగా బరువుగా అనిపించేది పొట్టివాళ్లది, పిల్లలది, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లది. ముందు గోడలా జనం నిలబడితే వాళ్లకు కనబడేది వీపులే. కానీ కూర్చునే చోట అందరూ లేచి నిలబడే పాత పద్ధతిలోనే వాళ్లు ఎక్కువ నష్టపోయారు. నిలబడాలనుకునేవాళ్లకు ఒక బ్లాక్ ఇస్తే మిగతా బ్లాకుల్లో కూర్చోండి అని గట్టిగా చెప్పే హక్కు స్టీవార్డ్‌కి వస్తుంది. ఆ హక్కును క్లబ్బులు ఎంతవరకు వాడుతున్నాయన్నదే నా అనుమానం.

భద్రత వాదన ఇక తీరిపోయిందనే అనుకుంటాను. తీరనిది డబ్బు లెక్క.

నిలబడే బ్లాక్‌కి ఇంగ్లండ్‌లో ఇచ్చే లైసెన్సులో ఒక షరతుంది. ఒక కుర్చీ చోటులో ఒక్క మనిషే. కుర్చీకి తాళం వేయకూడదు, ఎవరైనా కూర్చోవాలంటే కూర్చునేలా ఉండాలి. అంటే స్టేడియంలో ఒక్క టికెట్ కూడా అదనంగా అమ్ముడుపోదు. జర్మనీలో అలా కాదు. డార్ట్‌మండ్ క్లబ్ దక్షిణ స్టాండ్‌లో దాదాపు పాతికవేల మంది నిలబడతారు. పసుపు గోడ అని పిలిచేది దాన్నే. యూరప్ పోటీల్లో అందరికీ కుర్చీ వేయాలని ఆ పోటీలు నడిపే సంఘం యుయెఫా పట్టుబట్టిన రోజుల్లో, 81 వేలు దాటే ఆ స్టేడియం 66 వేలకు కుదించుకుపోయేది. 2022లో యుయెఫా కూడా ప్రయోగంగా సడలించింది. ఆ పదిహేనువేల తేడాలో ఉంది చవక టికెట్ రహస్యం. అదే చోటులో ఎక్కువమంది పడితే ఒక్కొక్కరి దగ్గర తక్కువ తీసుకోవచ్చు. జర్మన్ క్లబ్బుల్లో ఎక్కువ వాటి పగ్గాలు సభ్యుల చేతిలో ఉండటం కూడా దానికి తోడైంది.

ఇంగ్లండ్ క్లబ్బులు దీనికి చెప్పే జవాబు సిద్ధంగా ఉంది. కుర్చీల కోసం కట్టిన స్టాండ్‌కి మెట్లు, దారులు, మరుగుదొడ్లు ఆ లెక్కకే కట్టారు, మామూలుగా ఎనిమిది నిమిషాల్లో స్టాండ్ ఖాళీ కావాలన్నది అక్కడి కొలత, జనాన్ని పెంచితే ఆ కొలత తప్పుతుంది అని. పాత స్టేడియాల విషయంలో ఈ మాట ఒప్పుకుంటాను. కొత్తగా కడుతున్నవాటి సంగతేంటి? దారులు వెడల్పుగా గీయడానికి ఆర్కిటెక్ట్‌కి పెన్సిల్ కరువా? అలాంటి చోట ఒక కుర్చీ స్థలంలో ఇద్దరిని పట్టనిచ్చి, ధర సగానికి దించాలని షరతు పెడితే సరి. ధర దించకుండా మనుషుల్ని పెంచుతామంటే మాత్రం నేను కూడా వద్దనే అంటాను.

ఈ ధర మాట కొత్తదేం కాదు. కుర్చీలు వేస్తే సామాన్యుడి టికెట్ పెరుగుతుందన్న భయానికి టేలరే జవాబిచ్చారు. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియంలో నిలబడితే 4 పౌండ్లు, కూర్చుంటే 6 పౌండ్లు, ఇలా అందరూ అందుబాటు ధర పెట్టొచ్చు కదా అన్నారు. ఆ ఆరు పౌండ్లను నేటి ధరల్లోకి మార్చినా ఇరవై దాటదు. ప్రీమియర్ లీగ్‌లో బయటి ఊరి అభిమానికి పెట్టిన గరిష్ఠ ధరే 30 పౌండ్లు. అదీ 2016లో ఎన్నో నిరసనల తర్వాత వచ్చింది. సొంత ఊరి అభిమానికి అలాంటి పరిమితి ఏదీ లేదు. టేలర్ సిఫార్సుల్లో కుర్చీ అన్నదాన్ని అక్షరాలా అమలు చేశారు, అందుబాటు ధర అన్నదాన్ని గాలికొదిలేశారు. ఇప్పుడు కుర్చీ నిబంధన సడలినా ధర మాత్రం అక్కడే ఉంది. నిలబడే బ్లాక్‌కి ఏ షరతులుండాలో లైసెన్సు చెబుతుంది. టికెట్ ఎంతుండాలో చెప్పే అధికారం దానికి లేదు.

2016 ఫిబ్రవరి 6న యాన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, సండర్‌లాండ్ మీద 2-0తో ముందుంది. కొత్త స్టాండ్‌లో కొన్ని టికెట్లు 77 పౌండ్లు చేస్తామని అంతకుముందే క్లబ్ ప్రకటించింది. 77వ నిమిషం రాగానే దాదాపు పదివేలమంది మెట్లెక్కి బయటికి నడిచారు. వాళ్లు వెళ్లాక సండర్‌లాండ్ రెండు గోల్స్ కొట్టి మ్యాచ్ డ్రా చేసుకుంది. నాలుగు రోజులకు యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు.