మర్యాదపూర్వకంగా కలిశారు

మన పేపర్లలో రోజూ ఒక ఫొటో వస్తుంది. ఒకరు బొకే ఇస్తుంటారు, ఇంకొకరు పుచ్చుకుంటుంటారు, ఇద్దరి చూపూ కెమెరా మీదే. కింద ‘మర్యాదపూర్వకంగా కలిశారు’ అని రాస్తారు. ఆ జబ్బు ఇప్పుడు నెల్లూరు కాఫీ పొడి వ్యాపారానికీ అంటుకుంది.

మాగుంట లేఔట్ వైపు రోస్టరీ, అంటే కాఫీ గింజలు వేయించి అమ్మే షాపు, తెరవబోతున్న ఒక కుర్రవాడికి ఎవరో చెప్పారట: షట్టరు ఎత్తకముందే పాత షాపుల వాళ్లను కలిసి పరిచయం చేసుకో, మనది పోటీ కాదు, అందరం ఒక కమ్యూనిటీ అని చెప్పు అని. సలహాకేం, మంచిదే. బెంగళూరులో చెల్లుతుందేమో. చిన్నబజారులో ఎలా చెల్లిందో నా కళ్లతో చూశాను. అక్కడి పాత కాఫీ పొడి షాపులో ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికోరి వేరు పొడి చొప్పున అరకిలో ఆడిస్తుంటే బెంచీ మీద కూర్చుని ఉన్నాను.

కుర్రవాడు మలై కాజా పెట్టెతో వచ్చాడు. ఇక్కడిదాకా అంతా శాస్త్రోక్తమే. “నమస్తే అంకుల్, మీ ఆశీర్వాదం కావాలి” అన్నాడు. షాపు పెద్దాయన “రా నాయనా, కూర్చో” అంటూనే కాలితో చికోరి బస్తాను కౌంటరు కిందికి తోశాడు. ఆ బస్తా అక్కడుందని ఊరందరికీ తెలుసు. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలనీ, ఎంతెంత కలిపారో ప్యాకెట్ మీద వేయాలనీ నిబంధన. ఇక్కడైతే కళ్లముందే తూచి కలుపుతారు, దాచేదేం లేదు. అయినా తోశాడు. వచ్చినవాడు పోటీదారు మరి.

తర్వాత అతిథి మర్యాద. కాఫీ పొడి తప్ప మరొకటి అమ్మని ఆ షాపులో, కాఫీ వ్యాపారం పెట్టబోయే మనిషికి, ఎదురు బంకు నుంచి టీ తెప్పించారు! తన కాఫీ ఇస్తే గింజల గుట్టు కనిపెట్టేస్తాడని పెద్దాయన భయం. కుర్రవాడు టీ ముట్టని రకం. మొదటి గుక్కకు అతని మొహం చూసి తీరాలి. “చాలా బాగుంది అంకుల్” అన్నాడు. “మాదంతా అట్నే ఉంటది” అన్నాడు పెద్దాయన, బంకువాడి టీకి.

బదులుగా కుర్రవాడు తన ప్యాకెట్ తీశాడు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికా, లైట్ రోస్ట్, అంటే తక్కువగా వేయించింది. “ఇందులో నారింజ, బెల్లం నోట్స్, అదే ఆ రుచుల ఛాయలు, వస్తాయి అంకుల్.” పెద్దాయన ఒక గింజ పంటికింద వేసి కొరికి, “ఇంకో రెండు నిమిషాలు వేగాల నాయనా, పులుపుండాది” అన్నాడు. “పులుపే మా స్పెషల్ అంకుల్.” స్పెషల్ కావడానికి అదేమన్నా చేపల పులుసా?

ఆపైన ఇద్దరూ ఎంతో గౌరవంగా అబద్ధాలు చెప్పుకున్నారు. గింజ ఎక్కణ్ణుంచి? చిక్కమగళూరు పక్క నుంచి. ఏ పక్కో ఇతను అడగలేదు, ఆయన చెప్పలేదు. మిషన్ ఎన్ని కిలోలది? చిన్నదే అంకుల్. తరుగు ఎంత పోతుంది? మామూలే నాయనా. పచ్చిగింజ వేగితే తేమ ఎగిరిపోయి వందకు పదిహేను, ముదరగా వేయిస్తే ఇరవై దాకా తూకం తగ్గుతుంది. అది ఇద్దరికీ తెలుసు, ఎదుటివాడికి తెలియదనుకుని ఇద్దరూ నవ్వుకున్నారు. “ఏ హోటళ్లకు వేస్తున్నారు అంకుల్?” అన్నప్పుడు మాత్రం పెద్దాయనకు ఉన్నట్టుండి చెవుడొచ్చింది. సెల్ఫీ దిగాక తగ్గింది.

ఇంత మర్యాదలో ఒక మనిషిని ఎవరూ ఎవరికీ పరిచయం చేయలేదు. వెనక గదిలో డ్రమ్ము దగ్గర నిలబడి వేయించే మనిషిని. రెండు వందల డిగ్రీల దగ్గర గింజ చిటపటమంటుంది. ఆ చప్పుడు ఎప్పుడు పలచబడిందో విని, పొగ వాసన పట్టి, సరిగ్గా దింపకపోతే సరుకంతా బొగ్గు. మనం పొద్దున్నే తాగే డికాషన్ రుచి ఆయన చెవిలో ఉంది. పెద్దాయన ఆయన్ను “మా ఇంటి మనిషి” అంటాడు. ఇంటి మనిషికి జీతం పెంచుతారా ఎవరైనా? ఇరవైమంది పనిచేస్తేనే పీఎఫ్ చట్టం వర్తిస్తుందన్న ముక్క మాత్రం పెద్దాయనకు కంఠతా వచ్చు. పొగకూ పొట్టు దుమ్ముకూ ఆ మనిషి దగ్గుతుంటే మూతికి తువ్వాలు కట్టుకోమన్నాడు. అదీ సొంత తువ్వాలే.

మరి కమ్యూనిటీ కుర్రవాడు? చెయ్యి కడుక్కునే వంకతో వెనక్కి వెళ్లి ఆ మనిషి ఫోన్ నంబరు పట్టుకుపోయాడు. ఆశీర్వాదమంతా అందుకే. నెల తిరగకుండా ఆయన మాగుంట లేఔట్‌లో తేలాడు. వెయ్యి రూపాయలు ఎక్కువ, ఒక నల్ల టీషర్టు అదనం. ఆ వెయ్యి కుర్రవాడు అమ్మే పావుకిలో ప్యాకెట్లు రెండింటి ధర. గోడమీద ‘మాస్టర్ రోస్టర్’ అని నిలువెత్తు ఫొటో పెట్టారు. కుర్రవాడిది! సిగ్గుండాలి. ల్యాప్‌టాప్‌లో డ్రమ్ము వేడి చూపే గీత చూసి మురిసిపోయేవాడు మాస్టరు, వేయించేవాడు హెల్పరా? ఇక్కడ పెద్దాయనేమో “నా మనిషిని ఎత్తుకుపోయినాడు” అని కనపడినవాడికల్లా చెప్పి ఏడుస్తున్నాడు. ఆ వెయ్యి నువ్వే ఇచ్చుంటే ఆయన గడప దాటేవాడా? అన్నేళ్లు ఊపిరితిత్తులు అరగదీసుకున్న మనిషికి వెయ్యి రూపాయలు బరువయ్యాయా నీకు?

ప్రస్తుతం డ్రమ్ము దగ్గర పెద్దాయన మేనల్లుడు నిలబడుతున్నాడు. మొన్న పొడి మాడు వాసనొస్తోందేమిటని అడిగాను. “మాడు కాదు నాయనా, డార్క్ రోస్ట్” అన్నాడు పెద్దాయన, కిలోకు నలభై ఎక్కువ తీసుకుంటూ.