పైపు ముక్కకు ఎగిరి దూకినవాడి వాదన

పోయిన నెల అలిపిరి మెట్లెక్కుతూ నేనొక తప్పు చేశాను. తప్పని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోవడం లేదు కాబట్టే ఇంత పొడుగు పోస్టు.

తెల్లవారాక బయల్దేరాం. గాలిగోపురం దాటాం, ఏడో మైలు ఇంకా రాలేదు. పాప నా ఎడమ చెయ్యి పట్టుకుని నడుస్తోంది. పై మెట్టు మీద నల్లగా, పొడుగ్గా, వంకర తిరిగి ఏదో కనిపించింది. అంతే, పాప చెయ్యి విదిలించుకుని రెండు మెట్లు కిందికి దూకేశాను. మోచెయ్యి గీరుకుపోయింది. పాప మాత్రం నిలబడ్డచోటే నిలబడి ఉంది. తీరా చూస్తే అది ఎవరో పడేసిన నీళ్ళ పైపు ముక్క.

"పాపను వదిలేసి మీరొక్కరే ఎగిరి దూకేస్తిరే!" కొండ మీదికి చేరేదాకా మా ఆవిడది ఇదే మాట. ఇంటికొచ్చాక వాళ్ళమ్మకు ఫోన్ చేసి చెప్పింది. మా బావమరిది ఫోన్ లాక్కుని మరీ, "ఎంతైనా మనిషి స్వార్థపరుడే బావా. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని పెద్దలు ఊరికే అన్నారా?" అని తీర్పు చెప్పేశాడు. ఒళ్ళు మండిపోయింది నాకు.

నేను ఆలోచించి దూకి ఉంటే స్వార్థం అనండి, పడతాను. ఆలోచించే టైమ్ ఎక్కడిది? కంటికి కనిపించింది ఏమిటో మనకు పూర్తిగా తెలిసేలోపే, మెదడు లోపల బాదంగింజలా ఉండే అమిగ్డలా కేక పెట్టేస్తుంది. అడ్రినలిన్ అనే హార్మోన్ దూసుకొస్తుంది, గుండె దడదడలాడుతుంది, కాళ్ళకు రక్తం పారుతుంది. తిరగబడు, లేదంటే పారిపో. వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1915లోనే దీని మీద పుస్తకం రాశాడు. మనిషి కన్నా ముందునుంచీ జంతువుల్లో ఉన్న సరుకు ఇది. నేను కొత్తగా కనిపెట్టింది కాదు.

తాడును చూసి పాము అనుకోవడాన్ని మన వేదాంతులు భ్రాంతికి ఉదాహరణగా చెబుతారు. వాళ్ళ లెక్కలో అది పొరపాటే. మన ఒంటి లెక్క వేరు. తాడును పాము అనుకుంటే పోయేది కాస్త పరువు. పామును తాడు అనుకుంటే పోయేది ప్రాణం. ఆ రెండో పొరపాటు పదేపదే చేసినవాళ్ళకు వంశం నిలిచి ఉండదు. మనమంతా తాళ్ళకూ తీగలకూ ఎగిరిపడ్డవాళ్ళ మనవళ్ళమే.

ఇంకో సంగతి. పాప ఆ పైపును చూసి భయపడలేదు, నా మొహం చూసి ఏడ్చింది. 1980ల్లో సూసన్ మినెకా, మైకేల్ కుక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కోతుల మీద ఒక ప్రయోగం చేశారు. ల్యాబ్‌లో పెరిగిన కోతులకు పామంటే భయం లేదు. ఇంకో కోతి బొమ్మపామును చూసి బెదిరిపోతున్న వీడియో చూపిస్తే అవీ భయం నేర్చుకున్నాయి. అదే కోతి పువ్వును చూసి బెదిరినట్టు వీడియోను మార్చి చూపిస్తే మాత్రం నేర్చుకోలేదు. అంటే పాము భయానికి పొలంలో మడిలాంటిది మనలో ముందే కట్టి ఉంటుంది, నీళ్ళు పక్కవాళ్ళ మొహంలోంచి పారతాయి. ఆ పొద్దు నా మొహంలోంచి మా పాపకు పారాయి. నాకు బాధంటే ఇదే, దూకినందుకు కాదు.

మా ఆవిడ కథలో లేని ముక్క కూడా ఒకటుంది. అది పైపు అని తేలకముందే, పామే అనుకుంటూనే, నేను మళ్ళీ పైకెక్కి పాపను వెనక్కి లాగాను. అదీ ఆలోచించి చేసింది కాదు. రక్తం పంచుకున్నవాళ్ళను కాపాడుకునే గుణం తరాలు మారుతూ ఎలా నిలుస్తుందో 1964లో హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త లెక్కలు కట్టి చూపించాడు. మనిషిబిడ్డ ఏళ్ళ తరబడి ఇంకొకరి చేతుల్లో పెరగాల్సిందే. తమను మాత్రమే కాపాడుకున్న తల్లిదండ్రుల పిల్లలు ఎంతమంది బతికి ఉంటారు? మా బావమరిది చిత్తూరు కోర్టులో లాయరు. ఆత్మరక్షణ హక్కు గురించి చెప్పే భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్‌లో తన శరీరంతో పాటు ఇంకెవరి శరీరాన్నైనా కాపాడే హక్కు ఉందని ఆయనకు తెలియదా? కోర్టులో ఒక వాదన, ఫోన్‌లో ఒక వాదనా?

2023 ఆగస్టులో ఇదే దారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపేసింది. ఆ తర్వాత దేవస్థానం వాళ్ళు నడిచివెళ్ళే భక్తుల చేతికి కర్రలిస్తే జనం నవ్వారు, చిరుతకు కర్రేంది సామీ అని. నేనూ నవ్వాను, మీమ్‌లు ఫార్వర్డ్ చేశాను. ఇప్పుడు సిగ్గేస్తోంది. మనకు కోరల్లేవు, పంజా లేదు. ఆ పొద్దు నా చేతిలో ఒక కర్ర ఉండుంటే ముందు దాన్ని ముందుకు చాచేవాడినేమో, వెనక్కి దూకేవాడిని కాదేమో.

మొన్న సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే దండెం తాడు తెగి మా ఆవిడ కాళ్ళ దగ్గర పడింది. ఆవిడ పిట్టగోడ దాకా ఎగిరిపోయింది, ఒక్కతే. పాప పక్కనే బట్టలు మడతపెడుతోంది. నేను ఒక్కమాట కూడా అనలేదు. ఇక్కడ రాస్తున్నానంతే.