తిట్టండి, కానీ చదివి తిట్టండి

"వేయిపడగలు ఈ రోజుల్లో ఎవరు చదువుతారండీ?" అనే మాట ఈ మధ్య చాలామంది నోట విన్నాను. విశ్వనాథ సత్యనారాయణగారి నవల అది. మేం చదువుతున్నాం. ఒడిశాలో, గజపతి జిల్లా పర్లాకిమిడిలో, ఆదివారం సాయంత్రాలు ఒకరింటి అరుగు మీద కూర్చుని చదువుతున్నాం. రిటైరైన హెడ్మాస్టారు ఒకాయన, మందుల షాపు నడిపే ఆయన, బ్యాంకులో పనిచేసే దంపతులు, అరవై దాటిన ఒక పిన్నిగారు, డిగ్రీ చదివే అమ్మాయి, నేను, మధ్యలో వచ్చిపోయేవాళ్ళు ఇంకొందరు. సగం దాటాం. కష్టంగానే ఉంది. కొన్ని వారాలు రెండు పేజీలు కూడా కదలవు. అయినా మానం.

ఇప్పుడీ పోస్టు ఎందుకంటే, రెండు వైపుల నుంచీ మాకు సలహాలు ఎక్కువైపోయాయి.

విశాఖపట్నంలో ఉండే మా బంధువు ఒకాయన ఫోన్ చేసి, "అది భక్తితో చదవాల్సిన గ్రంథమయ్యా, నలుగురూ చేరి రచ్చ చేసేది కాదు" అన్నారు. నా స్నేహితుడు ఒకడు దానికి పూర్తి వ్యతిరేకం. "వర్ణాశ్రమ ధర్మాన్ని నెత్తిన పెట్టుకున్న పుస్తకం అది. టైం వేస్ట్. కథ కావాలంటే ఇదిగో" అని పది నిమిషాల వీడియో లింకు పంపాడు. ఇద్దరినీ ఒకటే అడిగాను, మీరు చదివారా అని. ఆయన, "మా నాన్నగారు చదివేవారు" అన్నారు. వీడు, "చదవాలా ఏంటి, తెలిసిందేగా" అన్నాడు.

నా కోపమంతా ఇక్కడే. ఒకరు చదవకుండా దండం పెడతారు, ఇంకొకరు చదవకుండా తిడతారు. మధ్యలో పుస్తకం అలాగే అల్మారాలో ఉండిపోతుంది.

విశ్వనాథ సత్యనారాయణ ఈ నవల 1934లో రాశారు. ఆయన ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసుకున్నారని, 29 రోజుల్లో పూర్తయిందని చెబుతారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో బాపిరాజుగారి నారాయణరావు నవలతో కలిసి బహుమతి పంచుకుంది. పి.వి. నరసింహారావుగారు సహస్రఫణ్ పేరుతో హిందీలోకి తీసుకెళ్ళారు. ఈ సంగతులు అందరికీ తెలుసు, ఉపన్యాసాల్లో అందరూ చెబుతారు. చెప్పనిది ఏంటంటే, ఇది వెయ్యి పేజీలకు దగ్గరగా ఉన్న పుస్తకమని, ఇందులో కథ కొంతదూరం నడిచి ఆగిపోతుందని, ఆగిన చోట సంగీతం మీదో నాట్యం మీదో చదువుల మీదో పేజీల కొద్దీ చర్చ ఉంటుందని. ఆ చర్చ అయ్యేసరికి ఎవరు ఎవరికి ఏమవుతారో మర్చిపోతాం. మళ్ళీ వెనక్కి తిప్పాలి. ఒంటరిగా మొదలుపెట్టి అక్కడే వదిలేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళని తప్పుపట్టను. ఇది ఒంటరిగా చదవడానికి చాలా బరువైన పుస్తకం.

కథ మూలం మాత్రం సూటిగానే ఉంటుంది. సుబ్బన్నపేట అనే ఊరు. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి, వేణుగోపాలస్వామి గుడి, జమీందారు కోట, గుడిలో దేవుడు పూని పలికే గణాచారి, ఊరిని కాపాడే వెయ్యి పడగల పాము. కాలం మారుతుంది, ఇంగ్లీషు చదువులూ కొత్త పద్ధతులూ వస్తాయి, ఒక్కో పడగా పోతూ వస్తుంది. ఇదంతా కథానాయకుడు ధర్మారావు కళ్ళ ముందు జరుగుతుంది.

మాకు మొదటి అడ్డంకి భాష. చేసెను, పోవుచుండెను, సమాసాలు, వాక్యం చివర ఎక్కడో దొరికే క్రియ. కంటితో చదువుతుంటే వాక్యం సగంలోనే తప్పిపోతున్నాం. మాస్టారే దారి చూపించారు: పైకి చదవండి అన్నారు. ఆయన మొదటి అధ్యాయం చదువుతుంటే తేడా తెలిసింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాక్యమే చెబుతుంది. చెప్పి రాయించిన పుస్తకం కదా, చెవికే ముందు అందుతుంది. అప్పట్నుంచి వంతులవారీగా చదువుతున్నాం. ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు ఎవరి పుస్తకంలో వాళ్ళు వేలు పెట్టుకుని చూస్తారు. పుస్తకాలు కూడా ఒకటి కాదు. ఒకరిది తాతగారి కాలం నాటిది, అరసున్నలూ బండి ఱలూ ఉన్నది. మిగతావి శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళకి చెప్పి తెప్పించుకున్నవి. పేజీ నంబర్లు ఒకదానితో ఒకటి కలవవు. "ఎక్కడున్నాం?" అన్న ప్రశ్నతోనే ప్రతి ఆదివారం కాస్త టైం పోతుంది.

ఆ డిగ్రీ అమ్మాయి గురించి చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, తర్వాత ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. ఈ ఊళ్ళో ఆ వయసు పిల్లల్లో అలాంటివాళ్ళే ఎక్కువ. మొదటి రోజు వాళ్ళమ్మ పంపిస్తే వచ్చింది. చేతిలో నోటుబుక్కు. తెలియని మాట వినబడగానే రాసుకుంటుంది. ఒకసారి పక్కనే కూర్చుని చూశాను. మాటలన్నీ తెలుగువే, లిపి ఒడియా. గణాచారి, కల్యాణోత్సవం, దివాణం, అన్నీ ఆ గుండ్రటి ఒడియా అక్షరాల్లో వరసగా ఉన్నాయి. పక్కన అర్థం ఇంగ్లీషులో. ఇలాంటి పిల్లకి పది నిమిషాల వీడియో చూసుకోమని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆమెకి అందాల్సింది కథ సారాంశం కాదు, ఆ వాక్యాలు.

గిరిక ఘట్టం దగ్గర మా అరుగు మీద పెద్ద యుద్ధమే జరిగింది. గిరిక దేవదాసి కుటుంబంలో పుట్టిన పిల్ల. వేణుగోపాలస్వామినే భర్తగా నమ్ముకుని, కల్యాణోత్సవంలో ఆయన ముందు నాట్యం చేసి ఆయనలోనే కలిసిపోతుంది. బ్యాంకు మేడమ్ చదివారు ఆ భాగం. చదువుతూ చదువుతూ ఆవిడ గొంతు మారిపోయింది. అయిపోయాక ఈ అమ్మాయి అడిగింది.

"మాస్టారూ, గిరికని ఎవరైనా అడిగారా? నీకు ఇష్టమేనా అని?"

"ఆమే కోరుకుందమ్మా. అలాగే రాశారు ఆయన."

"రాసింది ఆయన కదా మాస్టారూ."

మాస్టారు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. "అడగాల్సిన ప్రశ్నే" అన్నారు. పిన్నిగారు ఒప్పుకోలేదు. "నాకదంతా తెలీదమ్మా. ఆ పిల్ల ఆడుతున్నంతసేపూ నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. అబద్ధమైతే అలా అవుతుందేటి?" అన్నారు. మందుల షాపు ఆయన లేచి నిలబడి మరీ వాదించారు, ఇంత అందంగా రాయబట్టే ఇది ప్రమాదమని. రాత్రి తొమ్మిది దాటింది. ఇళ్ళ నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఒక్కరూ కదలరు.

నా మాట చెబుతాను. ఆ రాత, ఆ నాట్యం వర్ణన, తెలుగులో అంత ఎత్తుకు వెళ్ళినవి నేను ఎక్కువ చూడలేదు. ఒక ఆడపిల్లని గుడికి అంకితం చేసే ఆచారాన్ని అంత పవిత్రంగా చూపించడాన్ని మాత్రం నేను ఎప్పటికీ ఒప్పుకోను. రెండూ నా మనసులో ఒకేసారి ఉన్నాయి. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయమని ఎవరూ నన్ను అడగొద్దు.

ఇంకో సంగతి. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి దేవదాసీ పద్ధతి మీద మద్రాసు శాసనమండలిలో పోరాడింది ఈ నవల రావడానికి కొన్నేళ్ళ ముందే. చట్టం చివరికి 1947లో వచ్చింది. అంటే విశ్వనాథ ఈ పుస్తకం రాసేనాటికి ఆ చర్చ ఊరూరా వేడిగా నడుస్తోంది. అప్పట్లో మా పర్లాకిమిడి కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆయన తెలియక రాసింది కాదు, ఒక పక్షం ఎంచుకుని రాశారు. ఆ పక్షాన్ని ఎంత బలంగా, ఎంత ప్రేమగా పట్టుకున్నారో చూడకుండా దాన్ని ఎదిరించడం కుదరదు. పది నిమిషాల వీడియోలో "దేవదాసి గిరిక దైవంలో లీనమైంది" అని ఒక్క ముక్కలో అయిపోతుంది. ఆ ముక్కతో పోట్లాడటానికి ఏముంది? ఒళ్ళు జలదరించినవాళ్ళకే అసలు కోపం కూడా వస్తుంది.

కోట విషయంలో కూడా ఇంతే. ఇది జమీందారీ ఊరు. గజపతుల కోట ఇక్కడ ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. పిన్నిగారి తాతగారు దివాణంలో గుమస్తాగా చేశారట. సుబ్బన్నపేట దివాణం చితికిపోవడం చదువుతున్నప్పుడు మిగతావాళ్ళం నిట్టూరుస్తుంటే ఆవిడ అడిగారు, "దివాణం పోతే వంటవాళ్ళు ఏమైపోయారు, బోయీలు ఏమైపోయారు, భజంత్రీలు ఏమైపోయారు? అది ఎక్కడైనా రాశారా ఈయన?" అప్పట్నుంచి ప్రతి అధ్యాయంలో వాళ్ళ కోసం వెతుకుతూ చదువుతున్నాం. ఏ విమర్శకుడూ నాకు ఇవ్వని చూపు అది. దివాణం నీడలో బతికిన ఇంటి మనిషి పక్కన కూర్చుంటే తప్ప నాకు ఆ ప్రశ్న తట్టేది కాదు.

మందుల షాపు ఆయన ఒకరోజు ఇంకో మెలిక పెట్టారు. "గిడుగువారు తిరిగిన ఊళ్ళో కూర్చుని గ్రాంథికం చదువుతున్నాం. ఆయన చూస్తే ఏమంటారు?" అని. ఆయన సరదాకి అనలేదు, నిజంగానే బాధపడ్డారు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. గిడుగు రామమూర్తిగారు 1880లో ఈ ఊరి రాజావారి బడిలో పంతులుగా చేరారు. పండితుల గ్రాంథికం బదులు జనం మాట్లాడే వ్యావహారిక భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడారు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళకి పుస్తకాలు రాశారు. అయితే ఆయన గ్రాంథికాన్ని చదవకుండా తోసిపుచ్చలేదు. ముఖలింగం గుడి శాసనాలు తనంతట తాను చదవడం నేర్చుకున్నారు. పాత కావ్యాలన్నీ తిరగేశారు. గ్రాంథికం రాస్తున్నామనుకునే పండితులే ఎక్కడెక్కడ తప్పులు రాశారో వాళ్ళ వాక్యాలే తీసి చూపిస్తూ ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం రాశారు. అవతలివాళ్ళ పుస్తకం అవతలివాళ్ళకంటే బాగా చదివి మరీ దెబ్బలాడిన మనిషి ఆయన. వేయిపడగలతో దెబ్బలాడాలన్నా అదే పద్ధతి. గిడుగువారి ఊళ్ళో ఈ పుస్తకం చదవడం ఆయనకి ద్రోహం అవదు. చదవకుండా కొట్టేయడమే ద్రోహం అవుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఈ ఊరు అందులోకి వెళ్ళినప్పుడు ఆయన మనసు విరిగి రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం ఇక్కడే ఉండిపోయినవాళ్ళ మనవలం, మునిమనవలం. ఒడియా మాకు పరాయిది కాదు, మా పిల్లలు అందులోనే చదువుతున్నారు, మా ఇరుగుపొరుగుతో అందులోనే కష్టసుఖాలు చెప్పుకుంటాం. ఆ భాష మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదు సరిహద్దుకి అటు వైపు, ఆంధ్రలో పాతపట్నం దాటాక మొదలయ్యే మనవాళ్ళ మీద. "బోర్డర్ తెలుగు వాళ్ళకి విశ్వనాథ ఏం అర్థమవుతాడు?" అని ఒకాయన నా ముఖం మీదే అన్నారు. ఆయన ఇంట్లో తెలుగు పుస్తకాలు రెండు అల్మారాల నిండా ఉన్నాయి. ఆయన పిల్లలెవరికీ అవి తెరిచే ఓపిక లేదు. మాకు అర్థం కానిచోట అర్థం కాలేదని పైకే చెబుతాం. నిఘంటువు తీస్తాం. అందులోనూ దొరక్కపోతే పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకు వెళ్తాం. తర్వాత ఎప్పుడో ఇంకో అధ్యాయంలో అదే మాట తగిలి అర్థమవుతుంది. అప్పుడు అందరం వెనక్కి తిప్పి ఆ గీత వెతుకుతాం.

సులువైన తెలుగులోకి మార్చి, కుదించి, రెండొందల పేజీల్లో వెయ్యమని కూడా కొందరు అంటున్నారు. చిన్నపిల్లలకి కథగా చెప్పడానికి ఎవరైనా వేసుకుంటే వేసుకోండి. పెద్దవాళ్ళకి వద్దు. ఆ చర్చలు తీసేస్తే, ఆ సాగదీత తీసేస్తే మిగిలేది ఆయన పుస్తకం కాదు. మాకు విసుగొచ్చిన పేజీల దగ్గరే మేం ఎక్కువ మాట్లాడుకున్నాం. చదువుల మీద ఆయన చేసిన వాదం దగ్గర బ్యాంకు సార్ తన చిన్నప్పటి బడి గురించి గంటసేపు చెప్పారు, తెలుగు మేష్టారు రిటైరయ్యాక ఆ పోస్టు మళ్ళీ నింపలేదని. ఆయన కొలీగ్స్‌కి ఎవరికీ ఇది తెలియదట. అంతకుముందు భార్యకి కూడా చెప్పలేదట.

కాబట్టి భక్తులకి ఒక మాట: విశ్వనాథ మా ప్రశ్నలకి తట్టుకోలేనంత చిన్న రచయిత కాదు, మమ్మల్ని అడగనివ్వండి. ద్వేషించేవాళ్ళకి ఇంకో మాట: మీ కోపం నాకు అర్థమవుతుంది, అందులో సగం నాదీ. వచ్చి మాతో కూర్చుని, పుస్తకం తెరిచి, ఏ వాక్యం మీద కోపమో వేలు పెట్టి చూపించండి. పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి, కాశీబుగ్గ, ఇటు గుణుపూర్, కాశీనగర్ వాళ్ళు ఎవరైనా ఆదివారం నాలుగున్నరకి రావొచ్చు. తెలుగు చదవడం రాకపోయినా పర్వాలేదు, వింటే చాలు. పాత ఎడిషన్ ఎవరింట్లోనైనా ఊరికే పడి ఉంటే తీసుకురండి, ఒక కాపీ తక్కువైంది. ఈ వారం చదివే వంతు ఆ అమ్మాయిది. కూడబలుక్కునే చదువుతుంది, ఒక్క పేజీయే అవ్వొచ్చు. తొందరపెట్టే వాళ్ళు మాత్రం రావొద్దు.