బోరు వేద్దామా, గాలికి వదిలేద్దామా?

(ఇంగ్లండ్‌లోని లీడ్స్. జనవరి. ఇంటినీ నీళ్లనీ వేడిచేసే గ్యాస్ బాయిలర్ ముసలిదైపోయింది. శ్రీధర్ ల్యాప్‌టాప్‌తో, రమ రెండు స్వెటర్లతో సోఫాలో.)

శ్రీధర్: హీట్ పంపే పెట్టిద్దాం. ఒక యూనిట్ కరెంటుకి దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది.

రమ: మీ చేత చిట్టీ కట్టించినవాడూ ఒకటికి మూడనే అన్నాడు.

శ్రీధర్: వాడు పారిపోయాడు. ఇది ఎక్కడికీ పోదు. వేడిని పుట్టించదు, బయటి గాలిలోంచో భూమిలోంచో మోసుకొస్తుందంతే.

రమ: బయట 0 డిగ్రీలు! మోసుకురావడానికి అక్కడ వేడెక్కడుంది?

శ్రీధర్: ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడు. ఆ వెచ్చదనం లోపలి పెరుగులోంచి లాగిందే. ఇదీ అంతే. కాకపోతే మనం ఫ్రిజ్ వెనకాల కాపురముంటాం.

రమ: బాగుంది సంబడం. సరే, ఆ గాలిదే పెట్టించండి.

శ్రీధర్: గాలిది కాదు, భూమిది! గాలి చల్లబడేకొద్దీ దానికి కరెంటు ఎక్కువ కావాలి. భూమి లోపల చలికాలమైనా 10 డిగ్రీల దాకా ఉంటుంది. 100 మీటర్ల బోరు వేసి పైపు దింపితే...

రమ: (లేచి నిలబడి) బోరా! అనంతపురం పిల్లనండీ నేను. మా నాన్న ఏడు బోర్లు వేస్తే దుమ్ము తప్ప చుక్క పడలేదు.

శ్రీధర్: ఇక్కడ నీళ్లు పడక్కర్లేదే!

రమ: పాయింటెవరు చూస్తారు? అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగేవాడు లీడ్స్‌లో దొరుకుతాడా? బోరు బండి ఎటునుంచి వస్తుంది? ఆ సందులో చెత్తడబ్బానే పక్కకి తిప్పి లాగుతారు మీరు.

శ్రీధర్: పోనీ, పెరడంతా మీటరు లోతు తవ్వి పైపులు పరిచే పద్ధతీ ఉంది.

రమ: నా మెంతికూర మడి మీద గడ్డపార పడిందో, మీ పడక గరాజ్‌లోనే. ప్రభుత్వ సాయం దేనికెంత?

శ్రీధర్: (నసుగుతూ) రెండింటికీ 7,500 పౌండ్లే.

రమ: ఖర్చు?

శ్రీధర్: బోరుకి... రెట్టింపైనా అవ్వొచ్చు.

రమ: గాలిదే. ఇంక మాట్లాడకండి.

శ్రీధర్: సరే. కానీ ఈ బాయిలర్‌లా అప్పటికప్పుడు నీళ్లు కాయదది. 200 లీటర్ల ట్యాంకు కావాలి. మెట్ల కింద అర తప్ప చోటు లేదు.

రమ: అక్కడ మా అమ్మ పెట్టిన ఆవకాయ జాడీలున్నాయి! (చాలాసేపు ఆలోచించి) ఏమండీ, బోరు ఎంత లోతన్నారు?

శ్రీధర్: (ఆశగా) 100 మీటర్లు. కానీ బోరు వేసినా ట్యాంకు తప్పదు.

రమ: ట్యాంకు కోసం కాదు. లోపల 10 డిగ్రీలన్నారుగా, జాడీలు దింపుదామని.